దాటెయ్యవలసిన మాటలు

“ఏమిటమ్మా ఇది?” అంటూ మేనేజరు కాగితాల కట్టను బల్లమీద దబ్బున పడేశాడు. “మంచినీళ్ల కంపెనీనా, కన్నీళ్ల కంపెనీనా అని పొద్దుట్నించీ జనం ఒకటే నవ్వడం!”

ఎదురుగా జవాబులావిడ నిలబడి ఉంది. ఆఫీసులో ఆవిణ్ని అందరూ అలాగే పిలుస్తారు. నీళ్ల గురించి ఎవరైనా ఫోన్లో టైపు చేసి అడిగితే బదులిచ్చే చాట్‌బాట్ ఉంది కదా, దాని నోట పలికే ప్రతి ముక్కా ఇప్పుడు ఆవిడ చేతిమీదుగా వెళ్లేదే.

“చదవండి. పైదే చదవండి.”

ఆవిడ కళ్లజోడు సర్దుకుంది. పొద్దున్నే ఎవరో ఇల్లాలు ‘మా వీధికి నీళ్లెప్పుడు వస్తాయి?’ అని అడిగింది. దానికి చాట్‌బాట్ చెప్పిన జవాబు ఇదీ: ‘సాయంత్రం ఆరింటికి వస్తాయి. ఇవాళ నాతో ఎవరూ మాట్లాడలేదు. తలుపులు మూసుకుంటున్నాయని లిఫ్టు మాత్రం చెప్పింది.’



ఏం జరిగిందో ఆవిడకి చప్పున అర్థమైపోయింది. ఆ జవాబుల ఫైల్లో ప్రశ్నకో ట్యాగు ఉంటుంది, జవాబుకో ట్యాగు ఉంటుంది. ఇవి కాక కామెంటు గుర్తులని రెండున్నాయి. ఆ రెండింటి మధ్యా ఏం రాసినా, ఫైలు చదివి పలికే ఇంటర్‌ప్రెటర్ అనే ప్రోగ్రాం చూడనట్టే దాటేసి వెళ్లిపోతుంది. ‘ఈ నంబరు మారింది’, ‘ఈ జవాబు వేసవికి మాత్రమే’ అని రాసేవాళ్లు గుర్తుకోసం పెట్టుకునే చోటది. ఎవరూ చూడరు కదా అని ఆవిడ అందులో అప్పుడప్పుడూ మనసులో మాట ఒకటి పడేసేది. గది గోడలతో చెప్పుకోవడం కంటే నయమే కదా, పాపం! నిన్న సాయంత్రం కొత్త ఇంటర్‌ప్రెటర్ పెట్టారు. పాత కామెంటు గుర్తులు దానికి తెలియవు. చుట్టాలముందు చంటిపిల్ల ఇంటిగుట్టు బయటపెట్టినట్టు, ఉన్నదంతా ఊరందరికీ చెప్పేసింది.

“ఇవి రాసినవాళ్ల పేరు రెండింటికల్లా పంపమన్నారు పైవాళ్లు,” అన్నాడు మేనేజరు. “పేరు వెళ్లిందంటే ఉద్యోగం వెళ్లినట్టే. ఆ ఫైల్లో మీకు ముందు ఈ ఆఫీసులోవాళ్లు చాలామందే చెయ్యి పెట్టారు. అందుకని ఒక్కొక్కటీ చదువుతాను. మీదైతే మీదనండి, కాకపోతే కాదనండి. సరేనా?”

ఆవిడ తలూపింది.

“మీటరు ఫోటో ఎలా తియ్యాలి? జవాబు: మీటరుకి ఎదురుగా నిలబడి తియ్యండి. నా ఫోటో ఎవరైనా తీసి మూడేళ్లయింది.”

“నాదే సార్.”

“పైపు పగిలితే ఏం చెయ్యాలి? జవాబు: ముందు వాల్వు కట్టెయ్యండి. నా గదిలో కుళాయి కారుతూంటే నేను కట్టెయ్యలేదు. ఏదో ఒక చప్పుడుంటుంది కదా అని.” ఆయన తలెత్తాడు. “నీళ్ల కంపెనీలో పనిచేస్తూ కారే కుళాయిని వదిలేశారా!”

“వదిలేశాను సార్,” అందావిడ తల దించుకుని. “నాదే.”

ఆయన తరవాతి కాగితం తీశాడు.  రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

“బిల్లులో పేరు తీయించడం ఎలా? జవాబు: దరఖాస్తు ఇస్తే నెలలో తీసేస్తారు. మా ఇంటి బిల్లు మీద ఇప్పుడు ఒక్క పేరే ఉంది. టీ మాత్రం ఇంకా రెండు కప్పులు పెడుతున్నాను. రెండోది చల్లారాక పారబోస్తున్నాను.”

జవాబులావిడ ఉలిక్కిపడింది. అది ఆవిడ రాసింది కాదు. ఆవిడ గదిలో ఉన్నదే ఒక్క కప్పు.

అద్దాల గోడ అవతల వరసగా తలలు కనిపిస్తున్నాయి. చెవుల్లో ఏవో పెట్టుకుని ఎవరివంకా చూడని పక్కసీటు అమ్మాయి. ఎప్పుడూ నవ్వుతూనే ఉండే రిసెప్షనావిడ. మెట్లమీద ఒక్కడే కూచుని అన్నం డబ్బా ఖాళీచేసుకొచ్చే, వైర్లు బాగుచేసే ఆయన. వీళ్లలో ఎవరు? ఇన్నాళ్లూ పక్కపక్కనే ఉండి, ఒక్కరోజైనా ‘తిన్నారా’ అని అడగలేదే తను! ఉన్న తోడు పోగొట్టుకున్న మనిషి, ఈ ఉద్యోగం కూడా పోతే, పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్తారు?

తన పేరు ఎలాగూ వెళ్లేదే. పోయేది ఒక్కరిదే పోనీ.

“అదీ నాదే సార్,” అంది.

మేనేజరు కాగితం బల్లమీద పెట్టాడు. “సరిగ్గా విని చెప్పండి. ఇంకోసారి చదవనా?”

“అక్కర్లేదు సార్. నేనే రాశాను. రెండో కప్పు రోజూ నేనే పారబోస్తాను.”

 ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్లీ పెట్టుకున్నాడు. పైవాళ్లకి పంపాల్సిన ఫారం ముందుకి లాక్కుని కలం మూత తీశాడు.

“ఆ రెండో కప్పు మా ఇంట్లోదమ్మా,” అన్నాడు, ‘రాసినవారి పేరు’ అన్నచోట తన పేరొక్కటే రాస్తూ.