బటన్ నొక్కిన చెయ్యి

గవర్రాజు మంచం పక్కన ఇంటర్‌కమ్ సెట్టు ఒక్కసారిగా కీచుమంది. ఆ వెనకే చెంపదెబ్బ. ఆడమనిషి ఏడుపు.

"అమ్మా... సచ్చిపోతాను... వద్దు..."

ప్లగ్గులో పెడితే చాలు, కరెంటు తీగల మీదే మాట పోతుంది. వేరే వైరు అక్కర్లేదు. స్టీల్ ప్లాంటులో ముప్ఫయ్యేళ్లు ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరైన గవర్రాజు ముచ్చటపడి ఆ సెట్లు తెచ్చాడు. టీ అడగడానికి మేడ మీద కోడలికొకటి, కబుర్లకు పక్కవీధిలో కూతురు హిమబిందుకొకటి ఇచ్చాడు. వీధులు రెండైనా ట్రాన్స్‌ఫార్మర్ ఒకటే. ఒకరు బటన్ నొక్కి పట్టుకుంటేనే మిగతా రెండు సెట్లలో వినపడుతుంది.

అంటే బిడ్డ తన కోసమే నొక్కి పట్టుకుంది.

ఆ గరగరలో గొంతు సగమే తెలుస్తోంది. దానికి తోడు మేడ మీద కొడుకు దేవీప్రసాద్ పెట్టిన టీవీ మోత. "ఆపరా ఆ రొద!" అని అరిచాడు. ఎవరు వింటారు? మళ్లీ దెబ్బ. ఈసారి ఏదో భళ్లున పగిలింది.

మొన్న కూతురి మోచేతి మీద కమిలిన మచ్చ గుర్తొచ్చింది. "తలుపు తగిలింది నాన్నా" అంది. తలుపట, తలుపు! ఇనప రాడ్డు అందుకున్నాడు. అరవయ్యయిదేళ్ల కాళ్లు గోపాలపట్నం సందుల్లో పరుగు తీశాయి.

కూతురింటి తలుపు ఒక్క తన్నుకు తెరుచుకుంది. సెట్టు అల్లుడు సాయిశంకర్ చేతిలో ఉంది. కూతురి చేతిలోంచి లాగేసుకున్నాడన్న మాట, వెధవ!

"నా పిల్ల మీద సెయ్యెత్తుతావేట్రా?"

మొదటి దెబ్బకు ముంజేయి విరిగింది. రెండో దెబ్బకు నుదురు చిట్లింది. "మావయ్యా, నాను కాదు... ఇనండి..." అంటూనే సాయిశంకర్ కూలబడ్డాడు. రక్తం చూసినా గవర్రాజుకు జాలి కలగలేదు. ఇంకా కొట్టాలనిపించింది. మూడో దెబ్బ మోకాలి మీద పడింది.

పెరట్లోంచి హిమబిందు సబ్బు చేతులతో పరిగెత్తుకొచ్చి రాడ్డుకు అడ్డం పడింది.

"పిచ్చెక్కిందేటి నాన్నా? ఆయనేటి సేసినాడు?"

ఆమె ఒంటి మీద చిన్న గీత కూడా లేదు. గవర్రాజు చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

నేల మీద పడ్డ సెట్టు మాత్రం ఇంకా ఏడుస్తూనే ఉంది. ఆ ఏడుపు మీద ఓ మగగొంతు పళ్లు బిగించి అంది:

"అరవకే! కింద మా నాన్నున్నాడు."