మచ్చలేని ముక్కు

కళ్లజోళ్ల షాపులో పనిచేసేవాళ్లు మనుషుల్ని ముక్కుతోనే గుర్తుపెట్టుకుంటారు. ఫ్రేము నిలబడేది దాని మీదే కదా. అందుకే కొత్తమ్మాయి చేరిన రోజే సీనియర్ కళ్లు ఆమె ముక్కు మీద పడ్డాయి. పడ్డవి మళ్లీ లేవలేదు.

ఒక్క బ్లాక్‌హెడ్ లేదు. ఒక్క గుంట లేదు. సీనియర్ ముక్కు మీదేమో మిరియాలపొడి చల్లినట్టు నల్లటి చుక్కలు. షాపంతా జలుబు చేసి ముక్కులు చీదుకుంటున్నా, ఆ మహాతల్లి ముక్కు మాత్రం కందేది కాదు.

సీనియర్ కళ్లల్లో నిప్పులు పోసుకుంది.

పైగా వచ్చేనెల తెరిచే కొత్త షాపులో ముందు కౌంటర్‌కి ఇద్దరిలో ఒకరిని పంపుతానన్నాడు ఓనరు. ఏళ్ల తరబడి ఆ కుర్చీ మీదే ఆశలన్నీ పెట్టుకుంది సీనియర్.

"ఆ అమ్మాయి ముఖం ఎంత నీట్‌గా ఉంటుందో చూశావా?" అన్నాడాయన, సరిగ్గా ఈవిడతోనే.

ఇక వంటింటి మీద పడింది. గుడ్డు తెల్లసొన రాసి, టిష్యూ అంటించి, ఆరాక కళ్లనీళ్లు తిరిగేలా లాగింది. నిమ్మరసంలో చక్కెర కలిపి రుద్దింది. పెరుగులో ఓట్స్ కలిపి పట్టించింది. చివరికి వంటసోడా కూడా అయింది.

"మూకుడు తోముతున్నావా, ముక్కు తోముతున్నావా?" అన్నాడు మొగుడు.

ముక్కు టమాటాలా అయింది తప్ప చుక్కలు కదల్లేదు. సిగ్గు విడిచి కొత్తమ్మాయినే అడిగింది.

"ఏం రాస్తావే?"

"ఏమీ లేదక్కా. ఇంటికెళ్లగానే గోరువెచ్చటి సబ్బునీళ్లు. అంతే."

"ఆవిరి పట్టవూ?"

"అమ్మో, ఆవిరి నాకు పడదక్కా."

సబ్బునీళ్లట. ఎవరి చెవిలో పువ్వులు పెడుతోంది? అసలా పిల్లవన్నీ టెక్కులే. మాట్లాడితే ముక్కుతోనే. కొత్త ఫ్రేము పెట్టుకుని చూపించమని కస్టమర్లు అడిగితే, "మా అక్క చూపిస్తుందండీ" అని సీనియర్ని ముందుకు తోస్తుంది. వాళ్లు దగ్గరగా వంగి ఈ మిరియాలపొడిని చూడాలి. తను మాత్రం తన లావుపాటి నల్ల ఫ్రేము ఛస్తే తీయదు.

ఆ సాయంత్రం కొత్తమ్మాయి గొడుగు షాపులో మరిచిపోయి వెళ్లింది. ఇంతకంటే మంచి సాకు దొరకదు. సీనియర్ గొడుగు పట్టుకుని ఆమె గదికి బయల్దేరింది. తలుపు ఓరగా వేసి ఉంది.

"ఎవరూ?" లోపల్నుంచి గొంతు వినిపించింది.

"నేనేనే. గొడుగిద్దామని."

"అక్కా, అక్కడే పెట్టి వెళ్లు. లోపలికి మాత్రం రాకు, నీకు దణ్ణం పెడతా."

దొంగ దొరికింది, అనుకుంది సీనియర్. ఏ సీసా దాస్తోందో, ఏ లేపనం పూస్తోందో ఇవాళ తేలిపోవాలి. ఉన్న ఊపుకి తలుపు బార్లా తోసింది.

కొత్తమ్మాయి ముఖానికి తువ్వాలు అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగిపోయింది. బల్ల మీద గోరువెచ్చటి సబ్బునీళ్ల గిన్నెలో, లావుపాటి నల్ల ఫ్రేముకి అతుక్కుని, ఆ మచ్చలేని ముక్కు నానుతోంది.