శుక్రవారం గడి

దెబోరా చేతిలో ఉన్నవి పన్నెండు రోజులు, ఒక సెకండ్‌హ్యాండ్ బయోకెమిస్ట్రీ పుస్తకం. రావాల్సినవి ఎనభై మార్కులు.

మెడికల్ కాలేజీ మొదలయ్యే ముందు ఒక పరీక్ష ఉంది. అది గట్టెక్కితే బయోకెమిస్ట్రీ క్లాసుల నుంచి మినహాయింపు. నాలుగు నెలలు పొద్దుటి పూట ఖాళీ. ఆ ఖాళీ తన కోసం కాదు. ఆరేళ్ల చెల్లెలు జెమీమాను బడిలో దింపే మనిషి లేకపోతే తల్లి పర్సిస్ ఉద్యోగం మానాలి. పన్నెండు రోజులు పెట్టి నాలుగు నెలలు కొనడం. మంచి బేరమే.

పర్సిస్ తన వంతు పెట్టుబడి పెట్టింది. పరీక్షకు ముందు మూడు రోజుల ఉపవాస ప్రార్థన అని గడులు గీసి ఫ్రిజ్ మీద కాగితం అంటించింది. బుధవారం గడిలో తన పేరు, గురువారం గడిలో భర్త పేరు. జెమీమాకు మినహాయింపు. గుంటూరులో ఉండగా, రెండేళ్లప్పుడు, జ్వరమొచ్చి ఒక రాత్రి తినకపోతే స్పృహ తప్పిన పిల్ల.

శుక్రవారం గడి మిగిలింది.

"అది నీది," అంది పర్సిస్ దెబోరాతో.

"మమ్మీ, బ్రెయిన్‌కి గ్లూకోజ్ కావాలి. ఫాస్టింగ్ గురించి చదవడానికే టైమ్ లేదు, ఇంక చెయ్యడం కూడానా?"

"ఆ గడి ఖాళీగా పోయిందంటే పరీక్ష కూడా పోతుంది. తర్వాత ఏడవకు."

బల్ల దగ్గర రంగులు వేసుకుంటున్న జెమీమా తలెత్తి ఇద్దరినీ చూసింది.

ఆ మాట దెబోరాను వదల్లేదు. బుధవారం మాక్ టెస్టులో డెబ్బై నాలుగు. గురువారం డెబ్బై ఒకటి. శుక్రవారం చదివింది చదివినట్టే జారిపోయింది.

రోజూ అక్క ప్లేటు గదిలోకి మోసేది జెమీమానే. ఆ సాయంత్రం రెండుసార్లు తెచ్చింది.

"మళ్లీ దోసెలా?"

"ఎగ్జామ్ స్పెషల్ అక్కా. గ్లూకోజ్."

"థాంక్స్ డాక్టరమ్మా."

వెనకాలే పాలు కూడా వచ్చాయి. పుస్తకం మీంచి కళ్లెత్తకుండానే తాగేసింది.

"జెమ్మీ, పాలయ్యాయా?" వంటింట్లోంచి పర్సిస్ కేక.

"గ్లాస్ ఎంప్టీ మమ్మీ!"

శనివారం పరీక్షలో చివరి ప్రశ్న ఇది. మూడేళ్ల బాబు, రాత్రి ఏమీ తినలేదు, పొద్దున లేపితే లేవడం లేదు, రక్తంలో చక్కెర పడిపోయింది, కొవ్వు కరిగితే రావాల్సిన కీటోన్లు లేవు. దెబోరా తడుముకోలేదు. కొవ్వును కరిగించే ఎంజైమ్ పుట్టుకతోనే లోపం. ఆకలితో ఉంచితే ప్రాణానికే ముప్పు. పూర్తి మార్కులు.

అక్కడికక్కడే స్క్రీన్ మీద మొత్తం వచ్చింది: తొంభై ఒకటి.

హైవే మీద పాడుకుంటూ ఇర్వింగ్‌లోని ఇంటికి చేరింది.

"స్తోత్రం ప్రభువా!" అంది పర్సిస్, బిర్యానీకి ఉల్లిపాయలు వేయిస్తూ. "ఖాళీ గడి నేనే చూసుకుందామనుకున్నా, షిఫ్టులో పడి మర్చేపోయా. అయినా దేవుడు కరుణించాడు."

"జెమ్మీ ఏదీ?"

"ఇంకా పడుకునే ఉంది. రెండుసార్లు లేపితే మూలిగి అటు తిరిగింది. సెలవులేగా, పడుకోనీ."

చేతికొచ్చినవి తొంభై ఒక్క మార్కులు, చెల్లెల్ని బడిలో దింపడానికి నాలుగు నెలల ఉదయాలు.

ఆ మార్కులు ఖాళీ గడిలో వేద్దామని పెన్ను తీసుకుని ఫ్రిజ్ దగ్గరికి వెళితే, శుక్రవారం గడిలో ఊదారంగు క్రేయాన్‌తో వంకర అక్షరాల్లో 'జెమీమా' అనీ, దాని కింద ఒక దోసెల ప్లేటు, ఒక పాల గ్లాసు, వాటి నుంచి 'అక్క' వైపు గీసిన బాణం కనిపించాయి.