సెబోమ్ గదిలో ఎండ

“చూశారా మేడమ్, మన క్లాసు మొత్తానికి మీ పాఠం ఒంటబట్టింది ఈ ఒక్క పిల్లకే!” అన్నాడు డుసిక్.

డుసిక్‌కి క్లాసులో ఒక జోకైనా వెయ్యకపోతే అన్నం అరగదు. క్లాసు లీడరు ఇన్‌హ్యే నవ్వుతూ తెరమీదకి వంగింది. వాతావరణానికి తగ్గట్టు ఇళ్ళు ఎలా కట్టాలో ఆన్‌లైన్లో చెప్పే ప్యో మేడమ్, చలికాలపు ఎండ తమ గదుల్లో ఎక్కడ పడుతోందో కెమెరాలో చూపించమంది. ఏనాడూ కెమెరా తెరవని సెబోమ్ ఇవాళ తెరిచింది.

“నా గది మీరు తప్పకుండా చూడాలి మేడమ్” అంది. మనిషి కనపడలేదు, గది మాత్రమే కనపడింది. పడమటి కిటికీకి చలి ఆపే బుడగల కవరు అంటించి ఉంది. అద్దం చెమర్చకుండా పైన బెత్తెడు ఖాళీ వదిలారు. మేడమ్ ఎప్పుడూ చెప్పే పద్ధతే అది.

మెచ్చుకోవాల్సిన మేడమ్ మొహం తెరకి ఆనించినంత దగ్గరగా పెట్టి చూస్తోంది.

ఇంతలో సెబోమ్ గదిలో తలుపు ధడాలున తెరుచుకుంది.

“ఎవడితోనే ఆ కబుర్లు?” ఒక మగ గొంతు అరిచింది.

చెంప పగిలిన చప్పుడు. ల్యాప్‌టాప్ కింద పడి, బల్ల కాలు, నేల, దానిమీద ఎండ ముక్క మాత్రం కనిపించాయి. గాజు సీసా ఒకటి వచ్చి ఆ ఎండలో పగిలింది. కిమ్చీ పచ్చడి ఎర్రగా పారింది. దానిమీదుగా సెబోమ్‌ని జుట్టు పట్టి ఈడ్చుకుపోతున్నాడు. ఆమె మడమలు నేలని తన్నుకోవడం క్లాసంతా చూసింది.

ఇన్‌హ్యే ఒక చేత్తో యూనివర్సిటీ ఆఫీసుకి మెసేజ్ కొడుతూ, ఇంకో చేత్తో పోలీసులకి ఫోను కలిపి స్పీకరు పెట్టింది.

“ఇల్లెక్కడమ్మా?” అన్నాడు పోలీసు.

ఆఫీసు వాళ్ళ దగ్గరున్నది అమ్మానాన్నల ఇంటి చిరునామా, ఎక్కడో మోక్పోలో. సెబోమ్ ఇప్పుడు ఎక్కడ, ఎవరితో ఉంటోందో క్లాసులో ఎవరికీ తెలియదు.

“మేడమ్!” డుసిక్ గొంతు చించుకున్నాడు. “మొన్న నా ఫొటోలో నీడ చూసి ఊరు చెప్పారే! ఇదీ చెప్పండి!”

మేడమ్ ఏదో చెప్పబోయి తల వంచుకుంది. అక్కడ సెబోమ్ తల గోడకి కొట్టుకున్న చప్పుడు. ఒకసారి. మళ్ళీ ఒకసారి.

“నోరు తెరిచావో చంపేస్తా!”

ఆ గొంతు వినగానే మేడమ్ రెండు చెవులూ మూసుకుంది. ఇన్‌హ్యేకి ఒళ్ళు మండిపోయింది. అక్కడ ఒక పిల్ల చచ్చిపోతుంటే ఈవిడ చెవులు మూసుకుంటుందా!

“ఏం మేడమ్, భయమా? ఇంత చదువుకుని ఎందుకు?”

“నేను పొరబడి ఉండొచ్చు ఇన్‌హ్యే.”

“పొరబడితే పొరబడ్డారు, చెప్పండి!”

కుర్చీ విరిగింది. ఆ వెనకే సెబోమ్ కేక. “మేడమ్... వింటున్నారా!”

మేడమ్ చెవుల మీంచి చేతులు తీసింది.

“డేగు” అంది. ఆ తర్వాత ఆగలేదు. వీధి పేరు, అపార్ట్‌మెంటు పేరు, బ్లాకు, అంతస్తు, లిఫ్టు దిగాక ఎడమవైపు తలుపు, అన్నీ చెప్పేసింది. చెబుతున్నంతసేపూ కళ్ళ నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

“ఎండ ముక్క చూసి తలుపు దాకానా!” డుసిక్ తల పట్టుకున్నాడు. “ఈవిడ మనిషి కాదు చెల్లెమ్మా, దేవత!”

ఇన్‌హ్యేకి సిగ్గేసింది. నీడ కోణం లెక్కగట్టుకుంటున్న మనిషిని పట్టుకుని ఎంత మాటంది!

ఫోను డేగు పోలీసులకి కలిపారు. వాళ్ళు చేరేసరికి సెబోమ్ అరుపులు ఆగిపోయాయి. అంతకుముందు అరుపులు భరించలేకపోయిన ఇన్‌హ్యే, ఇప్పుడు ఒక్క అరుపు వినపడితే చాలని మొక్కుకుంది. తలుపు బాదుతున్న చప్పుడు ఇటు ఫోన్లోంచీ, అటు ఆ గదిలోంచీ ఒకేసారి వినిపించింది.

“పోండి! ఇది మా ఇంటి గొడవ!” లోపల్నుంచి వాడు.

“ఇనప తలుపమ్మా, పగలగొట్టాలంటే టైము పడుతుంది” అన్నాడు పోలీసు.

“పగలగొట్టొద్దు” అంది మేడమ్. “తాళం మీద నేను చెప్పే అంకెలు నొక్కండి.”

నాలుగంకెలు చెప్పింది. “చివర్న నక్షత్రం గుర్తు” అంది.

తాళం కూసింది. తలుపు తెరుచుకుంది. బూట్ల పరుగు, పెనుగులాట, మనిషి నేలకూలిన చప్పుడు. వాడు బూతులు తిడుతుండగానే బేడీలు పడ్డాయి. “ఊపిరి ఉంది! అంబులెన్సు పిలువు!” అన్న కేక వినగానే క్లాసంతా ఒక్కసారిగా ఏడ్చింది. డుసిక్ కూడా వెక్కి వెక్కి ఏడ్చాడు.

కాసేపటికి పోలీసు మళ్ళీ ఫోన్లోకి వచ్చాడు. ఇంకా రొప్పుతున్నాడు.

“ఇందాక అంకెలు చెప్పింది ఎవరండీ?”

“మా మేడమ్” అంది ఇన్‌హ్యే గర్వంగా.

“తాళం అంకెలు ఎండలో కనపడవు కదమ్మా. ఆవిణ్ణే అడుగుతున్నా. ఈ ఇంటికి మీరేమవుతారు?”

క్లాసంతా మేడమ్ వైపు చూసింది.

“వాడి అమ్మని.”