నల్లబడ్డ బీడ్

“పండక్కి ముందు వచ్చిన రియాక్షను పండగెళ్లాక రాదేటమ్మా? ఇనుముకి కూడా దసరా సెలవులిచ్చీసినావా?”

వెంకటరావు మేస్టారు వేళాకోళం ఆడుతున్నారో, తిడుతున్నారో కన్యాకుమారికి తెలియలేదు. తెలుసుకునే ఓపిక కూడా ఆమెకు లేదు. పండగ వెళ్లిన దగ్గర్నుంచి రోజూ అదే ఫ్లాస్కు, అవే మందులు, అదే వేడి. తీరా ప్లేటు మీద పరీక్ష చేసి చూస్తే కొత్త పదార్థపు చుక్క జాడే లేదు.

ఖరీదైన పల్లేడియం లోహం బదులు చవక ఇనుము వేసి రెండు అణువుల్ని అతికించడం ఆమె పరిశోధన. మొన్నటిదాకా బ్రహ్మాండంగా అతుక్కున్నాయి. అది ఇనుము వల్ల అయ్యే పని కాదని మేస్టారి కంప్యూటరు లెక్కలు మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాయి. ఇప్పుడు ఫ్లాస్కు కూడా కంప్యూటరు పక్షాన చేరిపోయింది. విశాఖపట్నం నుంచి వచ్చిన కమిటీ పెద్దలు ముగ్గురూ కింద గదిలో కూర్చున్నారు. పాత ఫలితాలన్నీ ఈ పిల్ల సొంతంగా అల్లి రాసుకున్నవేనని వాళ్ల అనుమానం. సాయంత్రం ఆమదాలవలసలో బండెక్కేలోగా వాళ్లకి కళ్లారా చూపించకపోతే ఆమె పిహెచ్‌డీ రద్దు. దొంగ లెక్కలు రాసిందన్న పేరు మాత్రం ఎప్పటికీ రద్దు కాదు.

“ఏదో మారుంటాది. ఆలోసించు,” అన్నారు మేస్టారు.

“ఏటీ మార్నేదు మేస్టారూ. పూజకని సామాన్లు కడిగినాను, అంతే.”

“ఎలాగ కడిగినావు?”

“ఆయుధపూజ కదా మరి. గాజు సామాను, బీడ్లు అన్నీ యాసిడ్‌లో మరగబెట్టి, మల్లెపువ్వుల్లాగ తెల్లగా సేసి బొట్లెట్టినాను.”

బీడ్లంటే ఫ్లాస్కు అడుగున గిర్రున తిరుగుతూ మందుల్ని కలిపే, తెల్లటి ప్లాస్టిక్ తొడుగున్న చిన్న అయస్కాంతం ముక్కలు. చిటికెన వేలి గోరంత ఉంటాయి. ఏళ్ల తరబడి తిరిగి తిరిగి నల్లబడిపోతాయి. నల్లటి వాటి మీద పసుపు కుంకం ఏం బాగుంటాయని ఆమె తోమింది, పాపం.

మేస్టారు స్టూలు మీద కూలబడ్డారు.

“నల్లది ఒక్కటైనా మిగిలిందా?”

ఇద్దరూ కలిసి ల్యాబంతా గాలించారు. చివరికి మేస్టారి బల్ల సొరుగు అడుగున, తుప్పు పట్టిన గుండుసూదుల మధ్య ఒకటి దొరికింది. ఈసారి ఫ్లాస్కులో ఇనుము వెయ్యనివ్వలేదు ఆయన. ఒట్టి మందులు, ఆ నల్ల బీడ్, వేడి. అన్నాలు కూడా తినకుండా ఇద్దరూ దాని ముందే కూర్చున్నారు. మధ్యాహ్నం దాటాక ప్లేటుని దీపం కింద పెడితే, ఎవరో పిలిచినట్టు చుక్క వచ్చి కూర్చుంది.

“ఇనుము కాదమ్మా ఇది. ఎప్పుడో పాత రియాక్షన్లలో వాడిన పల్లేడియం,” అన్నారు మేస్టారు. “ఈ బీడ్ గీతల్లో ఇరుక్కుని ఉన్నాది. పనంతా అదే సేసింది. మిగతావి నువ్ కడిగీసినావు, పోయింది. నువ్వూ అబద్ధమాడ్నేదు, కంప్యూటరూ ఆడ్నేదు.”

అన్నాళ్లూ రాని ఏడుపు కన్యాకుమారికి అప్పుడొచ్చింది.

“ఈ బీడ్ ఎవరిది మేస్టారూ?”

“నాదే. నేను పిహెచ్‌డీ సేసినప్పట్దే.” ఆయన లేచి, ముఖం కడుక్కుని, బీడ్‌ని ఫ్లాస్కులోంచి తీసి ఆమె చేతిలో పెట్టారు. “జాగర్త సెయ్యి. వాళ్లని తీసుకొస్తాను. వాళ్ల ముందే ఇంకోపాలి తిప్పి సూపిద్దాం.”

ఆయన మెట్లు దిగారు. బీడ్‌ని గుడ్డతో తుడుస్తున్న కన్యాకుమారి చెయ్యి ఉన్నట్టుండి ఆగిపోయింది.

మేస్టారి పేరు చెబితే ఎవరికైనా గుర్తొచ్చేది ఒక్కటే. ఏ లోహమూ వెయ్యకుండా ఆయన తన పిహెచ్‌డీలో నడిపించిన రియాక్షను. ఎమ్మెస్సీ పిల్లలు దాన్ని ఆయన పేరుతోనే చదువుకుంటారు. లోహం లేకుండానా? దాన్ని తిప్పింది ఈ బీడే, దీని గీతల్లోని పల్లేడియమే కదా! ఆయనకి ఆ సంగతి తట్టినట్టు లేదు. ఈ బీడ్ చూశాక కింద ఉన్నవాళ్లకి తట్టకుండా ఉంటుందా? వచ్చే నెల రిటైరయ్యే మనిషి. చేపల గంప మోసే ఇంటి పిల్లకి రసాయనాలెందుకని నలుగురూ నవ్వితే, ‘ఈ పిల్ల నాకు కావాలి’ అని తనని ల్యాబులోకి పిలిచిన మనిషి.

తనకింకా పేరంటూ రాలేదు. రాని పేరు పోతే ఏం పోయింది అనుకుంది. పోట్లాడే ఓపిక అయిపోయింది కూడా.

బీడ్‌ని యాసిడ్‌లో వేసి పొయ్యి మీద పెట్టింది. ఎర్రటి పొగ లేచింది. హుద్‌హుద్ తుఫాను ఎత్తుకుపోయిన కిటికీ అద్దం స్థానంలో పెట్టిన అట్టని లాగేసి, పొగని బయటికి తోలింది. మేస్టారు ఎంతకీ రాలేదు. అదీ మంచిదే అయింది. బీడ్ పాలలా తెల్లబడ్డాక యాసిడ్‌నీ, ఫ్లాస్కులో ఉన్నదాన్నీ కుళాయి విప్పి పారబోసింది. ‘అవునండీ, అన్నీ నేనే అల్లి రాశాను’ అన్న మాట రెండుసార్లు లోలోపల పలికి చూసుకుంది.

మెట్ల మీద అడుగుల చప్పుడు. ముందు మేస్టారు, వెనక ముగ్గురు పెద్దలు. మేస్టారి ముఖం ఈ మధ్య ఎన్నడూ లేనంత తేలిగ్గా ఉంది.

“అంతా సెప్పీసినానమ్మా. లోహం లేకుండా సేసినానని నేను పేరు తెచ్చుకున్నాను సూడు, అది కూడా ఈ బీడ్ సలవేనని సెప్పీసినాను. వీళ్లు నమ్మట్లేదు. శిష్యురాల్ని కాయడానికి నా పేరు నేనే సెరుపుకుంటన్నానంట! ఏదీ, ఆ నల్ల బీడ్ ఒక్కపాలి వీళ్లకి సూపించు.”