మూడు తుపాకుల ముద్ర

"నేనడిగింది ఇది కాదు," అంది మేరమ్మ. "ఇది పిల్లలు కాకుల్ని కొట్టుకునే గాలి తుపాకీ. నన్ను చూస్తే వెర్రిదానిలా కనిపిస్తున్నానా?"

అచ్చయ్య దాన్ని మంచం కిందికి తోసేశాడు. ఒకప్పుడతను బర్మాలోని ఈ తన్లిన్ ఊరి నూనె కర్మాగారంలో కాపలాదారు. జపాను యుద్ధంలో తెల్లదొరలు పారిపోయినప్పుడు వాళ్ల బంగళాల్లో మిగిలిపోయినవి కొన్ని అతని అటక మీదికి చేరాయి. సైనిక ప్రభుత్వం వచ్చి రెండేళ్లయింది. అప్పటినుంచీ వాటిని ఉంచుకోవాలన్నా భయమే, అమ్మాలన్నా భయమే.

"కోపమెందుకమ్మా? ఇది సూడు," అంటూ ఈసారి జంట గొట్టాల తుపాకీ తీశాడు. "అడివి పందయినా పడిపోతాది. మనిసెంత?"

"నాకొద్దు. ఇరవైరెండు బోరు రైఫిలు కావాలి. బీఎస్సే కంపెనీది. ఉంటే ఉందను, లేకపోతే లేదను."

"కాల్సడానికి ఏ కంపెనీదయితే ఏటి?" అచ్చయ్య గుమ్మంలో నిలబడ్డ అహరోను వైపు తిరిగాడు. "ఏటి బాబూ, మీ వదిన పెళ్లి సీరల కొట్టుకొచ్చినట్టుందే!"

అహరోను నవ్వలేదు. మెడ మీది చెమట తుడుచుకున్నాడు. "వదినా, ఆదివారం పూట ఆరాధన మానేసి ఏటిదంతా? పాస్టరుగారి చేత ఇంకోమాటు చెప్పిద్దాం."

"పాస్టరుగారు ప్రార్థన చేశారు. ఇప్పటికీ చేస్తూనే ఉన్నారు. మీ అన్నయ్య వేళ్లు చూశావా నువ్వు? నిన్న క్యారేజీ పట్టుకెళ్తే అన్నం కలుపుకోలేకపోయాడు. నేను ముద్దలు చేసి పెట్టాను. ఆ బోజీ ఎదురుగా కుర్చీలో కూర్చుని సిగరెట్టు కాలుస్తూ చూశాడు."

బోజీ అంటే ఠాణాలో కొత్తగా కూర్చున్న సైనికాధికారి. మేరమ్మ భర్త చార్లెస్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. అతన్ని లోపల పెట్టింది ఆ బోజీయే. సోమవారం ఇన్సేన్ జైలుకి పంపిస్తానని కూడా చెప్పాడు. అక్కడికి వెళ్లినవాళ్లు ఎప్పుడొస్తారో, అసలు వస్తారో రారో ఎవరూ చెప్పలేరు. రేపే సోమవారం.

అచ్చయ్య అటకెక్కి, గోనెపట్టాలో చుట్టిన మూడోదాన్ని దించాడు.

మేరమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని చీర చెంగుతో దుమ్ము తుడిచింది. బోల్టు వెనక్కి లాగి చూసింది. గొట్టం మూతిలో చిటికెనవేలు పెట్టబోయింది. కొన కూడా దూరలేదు. వెనక మడతపెట్టే గురి పలకను లేపి దించింది. తర్వాత గొట్టం మొదట్లో ఉన్న తుప్పును గోటితో గీకింది. ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన మూడు తుపాకుల బీఎస్సే ముద్ర బయటపడింది.

"ఇదే," అంది.

"నంబరు తుప్పు తినీసింది," అన్నాడు అచ్చయ్య. "ఎవలిదో ఎవుడూ సెప్పలేడు."

ఆమె ఆ చోట బొటనవేలితో రుద్ది చూసింది. "అదీ మంచిదే."

"ఇయన్నీ నీకెలా తెలుసమ్మా?"

"కొత్తకోడలిగా ఉన్నప్పుడు ఇలాంటిది నూనె గుడ్డతో తుడిచేదాన్ని."

అచ్చయ్య వెల కింద ఆమె చేతులకున్న బంగారు గాజులు రెండూ అడిగాడు. "సిగ్గులేదూ?" అంటూనే మేరమ్మ వాటిని లాగి మంచం మీద పడేసింది. మణికట్టు గీసుకుపోయింది.

"పాత తూటాలు ఓ డబ్బాడున్నాయి. ఊరికినే ఇస్తాను."

"వద్దు."

"నీకాడున్నాయేటి?"

మేరమ్మ తుపాకీని తాను తెచ్చుకున్న చాపలో చుట్టి, రెండు చోట్ల తాడు బిగించింది.

రేవులో సిపాయి ఆపాడు. చాప మీద చెయ్యి వేశాడు.

"ముట్టుకోకు!" బర్మా భాషలో అరిచింది మేరమ్మ. "శవం కింద వెయ్యడానికి!"

సిపాయి చెయ్యి వెనక్కి తీసుకుని పక్కకు తప్పుకున్నాడు.

లాంచీ కదిలాక గాని అహరోనుకి ఊపిరాడలేదు. "అవేం మాటలు వదినా! ఇప్పటికైనా దీన్ని నదిలో పడేద్దాం. నువ్వు కూడా లోపలికెళ్తే పిల్లల గతేటి?"

"నువ్వున్నావుగా."

"నేనా! నేనేటి చెయ్యగలను?"

"ప్రార్థన చేద్దువుగాని."

అతను తల దించుకున్నాడు. ఆమె చాపను ఒళ్లోకి లాక్కుంది. "రేపు వాడి ఎదురుగా నిలబడి దీన్ని విప్పుతాను. అప్పుడు వాడి మొహం చూడాలి నాకు. అంతే."

సోమవారం పొద్దున్నే మేరమ్మ ఠాణా మెట్లెక్కింది. మొగుడు పడుకోవడానికి చాప తెచ్చిందనుకుని కాపలావాడు లోపలికి వదిలాడు. బోజీ టీ తాగుతున్నాడు. ఆ పక్కన కటకటాల వెనక, గోడకానుకుని కూర్చున్నాడు చార్లెస్. ఒక కన్ను తెరుచుకోవడం లేదు.

ఆ కన్ను చూశాక ఆమె ఆగలేదు. తిన్నగా బల్ల దగ్గరికి నడిచి తాడు ముడి లాగింది. చాప విచ్చుకుంది.

బోజీ దిగ్గున లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. అతని చెయ్యి నడుముకున్న పిస్తోలు మీదికి వెళ్లింది.

"మేరీ, వద్దు!" చార్లెస్ కటకటాలు పట్టుకుని అరిచాడు.

మేరమ్మ రైఫిలు పైకెత్తింది. బోజీ మొహంలోకి సూటిగా చూస్తూ దాన్ని అతని ముందు బల్ల మీద పడుకోబెట్టింది.

"మీరే గెలిచారు బోజీ, నలభై రెండులోనే జపానువాళ్లు ఎత్తుకుపోయారని మేమెంత మొత్తుకున్నా, 'కాదు, మీరే దాచారు, అప్పజెప్పేదాకా మనిషిని వదలను' అన్నారే, ఆ మా మామగారి తుపాకీ ఇదిగో."