రెండో కంచం

కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసేవాడి కళ్ళు పచ్చబడితే దాచడం కష్టం. అద్దాలు అరగదీసే యంత్రం ముందు ఎంత తల వంచుకుని కూర్చున్నా యజమాని పట్టేశాడు. నాలుగు చీవాట్లు పెట్టి, కారెక్కించి, పెద్దాసుపత్రిలో దింపి పోయాడు.

"పాత జబ్బేనండీ, దీర్ఘకాలిక హెపటైటిస్," అన్నాడు అద్దాలాయన డాక్టరమ్మతో. "ఇంక వైద్యం వద్దు. నా పాపం నాతోనే పోనివ్వండి."

"పాపం సంగతి నాకు తెలీదు. ముందు రక్తం ఇవ్వండి," అందావిడ.

పాపం అని అతను ఊరికే అనలేదు.

చాలా ఏళ్ళ కిందట వీధి చివరి డాక్టరు ఆ పేరు చెప్పిన రోజే ఇంట్లో అతని కంచం వేరైంది. అన్నావదినలతో కలిసి ఉండే ఇల్లు, చిన్నపిల్లలున్న ఇల్లు. వదిన తన గోళ్ళరంగు తెచ్చి కంచం అంచున ఎర్ర చుక్క పెట్టింది. గ్లాసుకీ పెట్టింది. అందులో తప్పు పట్టడానికేం లేదు. అయినా ఆ చుక్క తన మొహాన పెట్టినట్టే అనిపించింది అతనికి.

మేడమీది గదికి తనే మారిపోయాడు. భార్యని గడప దాటనిచ్చేవాడు కాదు. ఆమె భోజనం గుమ్మం దగ్గర పెట్టి మెట్ల మీద కూర్చునేది. అతను లోపల గోడవైపు తిరిగి తినేవాడు. మాట్లాడితే ఎక్కడ ఏడుపొస్తుందోనని ఇద్దరూ మాట్లాడుకునేవాళ్ళు కాదు.

ఆమెనీ పరీక్ష చేయించుకోమన్నాడు డాక్టరు. చేయించుకున్నాక, ఫలితం వచ్చిన సాయంత్రం, చంకలో దిండు, చేతిలో కంచంతో సరాసరి గదిలోకి వచ్చేసింది. కంచం అంచున ఎర్ర చుక్క.

"నాకూ ఉందట. కాస్త జరగండి," అంది.

అతను వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ ఏడుపులోనే, ఎక్కడో లోపల, హమ్మయ్య అనుకున్నాడు కూడా. ఆ హమ్మయ్యని ఇప్పటికీ క్షమించుకోలేకపోయాడు.

ఆ తర్వాత ఆ గదిలో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చునే తిన్నారు. ఆమె నోటినిండా పెట్టుకుని కబుర్లు చెప్పేది, అతని కంచంలో మంచి ముక్క కనబడితే లాక్కునేది. అతను మాత్రం వదినతో మాటలు మానేశాడు. తనకి చుక్క పెట్టిందంటే సరే, ఆమె కంచానికీ పెట్టడానికి చేతులెలా వచ్చాయని. వదిన కూడా పల్లెత్తు మాట అనలేదు.

పోయినేడు ఆమె గుండె ఆగి చనిపోయింది. గుండేనని డాక్టర్లంతా చెప్పారు. కాదు, తను అంటించిన జబ్బే తినేసిందన్నది అతని లెక్క. అప్పట్నుంచీ మందులు మానేశాడు. రోజూ రెండు కంచాలూ కడిగి, ఒకదాంట్లో తింటున్నాడు.

డాక్టరమ్మ రక్తంతో సరిపెట్టలేదు. సూదితో కాలేయంలోంచి చిన్న ముక్క కూడా తీయించింది. అన్నీ చూశాక అతన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"కాలేయంలో వాపు ఆరునెలలు దాటితే దీర్ఘకాలికం అంటామండీ. అది ఇంటిపేరు లాంటిది. అసలు పేరు వేరే ఉంటుంది. బి వైరసా, సి వైరసా, ఏదైనా మందు వల్లా, ఇంకోటా అని వెతకాలి. మీకు ఇంటిపేరు చెప్పి పంపేశారు, అసలు పేరు ఎవరూ వెతకలేదు."

"అసలేంటండీ అది?"

"మీ ఒంట్లో క్రిములతో పోరాడే కణాలే పొరబడి మీ కాలేయం మీద పడుతున్నాయి. వైరస్సేం లేదు. ఇది ఎవరికీ అంటదు. అసలు ఆ బి, సి వైరస్‌లైనా కంచాల వల్ల అంటవు. కాలేయంలో మచ్చలు కూడా ఇంకా ముదరలేదు. మాత్రలు సరిగ్గా వేసుకుంటే అదుపులో ఉంటుంది."

అతను కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

"మరి మా ఆవిడకి నా నుంచే వచ్చింది కదండీ."

"మీ నుంచి వచ్చే ప్రసక్తే లేదు. ఆవిడకి వైరస్ ఉండి ఉంటే, అది ఇంకెక్కడి నుంచో వచ్చి ఉండాలి."

ఇంటికి నడిచే వెళ్ళాడు. ఇన్నాళ్ళూ తన మీద తనకి కోపం. దానికి అలవాటు పడిపోయాడు. ఇప్పుడు ఆ కోపం ఆమె మీదికి మళ్ళుతోంది. ఇంకెక్కడి నుంచో అంటే ఎక్కడి నుంచి? పెళ్ళికి ముందా? తర్వాతా? ఛీ అనుకున్నాడు. రెండు వీధులు దాటాక మళ్ళీ అదే అనుకున్నాడు. ఆమె లేనందుకు ఇన్నాళ్ళూ ఒంటరివాడు. ఇప్పుడు ఆమె జ్ఞాపకం కూడా పరాయిదైపోతోంది.

మేడెక్కి ఆమె కంచం తీసుకుని కిందికి దిగాడు. వదిన వంటింట్లో గిన్నెలు తుడుస్తోంది. ఇన్నేళ్ళకి అతను గుమ్మంలో నిలబడేసరికి ఆమె చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"వదినా, నాది ఎవరికీ అంటేది కాదట. మరి దీని మీద చుక్క పెట్టావే, తనకి ఎవరి నుంచి వచ్చిందో నీకేమైనా చెప్పిందా?"

వదిన కంచం అందుకుంది. చుక్క చెరగకుండా చుట్టూ మెల్లగా తుడిచింది.

"ఆ చుక్క నేను పెట్టలేదు అబ్బాయ్, ఏ జబ్బూ లేదని తేలిన రోజున నా గోళ్ళరంగు అడిగి తీసుకుని, నీకు చెప్పొద్దని నా చేతులు పట్టుకుని, తనే పెట్టుకుంది."